ఏడో లెవెల్ రాతి బిళ్ళలు

రాళ్ళ పరీక్షశాల,
జూన్ 4, మంగళవారం

వదినకి,

ఈ ఉత్తరం ఖాళీ నమూనాల డబ్బా అడుగున పెట్టి పంపుతున్నాను. పైన చిత్తుకాగితాలు కప్పి వ్యాను డ్రైవరుకి అప్పగించాను. మీ గనిలో ఉన్న ఒక్క ఫోనూ మేనేజరు బల్లమీదే ఉంటుంది కాబట్టి మన మాటలకి ఈ డబ్బాయే దిక్కు.

ముందు నీ కోపం సంగతి. పోయిన శుక్రవారం నువ్వు పంపిన డబ్బా ఎర్ర చీటీతో వెనక్కి వచ్చి ఉంటుంది. "విరిగిన ముక్కలు పంపి పరీక్షశాల సమయం వృథా చేయవద్దు. నిండు కడ్డీలు మాత్రమే పంపవలెను." ఆ చేతిరాత నాదే. ఆఫీసరు రాయించాడని అబద్ధం చెప్పను. మూత తీయగానే ముక్కలు కనపడేసరికి ఒళ్ళు మండింది, రాసేశాను. వదిన డబ్బా అని చూసుకుని ఉంటే "దయచేసి" అని ఒక మాట కలిపేదాన్ని.

రాళ్ళని నొక్కి పగలగొట్టే మా ప్రెస్సుకి ఒక పద్ధతి ఉంది. గనిలో డ్రిల్లుతో తొలిచి తీసిన గుండ్రటి రాతి కడ్డీ ఎంత లావుంటే దానికి రెండింతలు పొడవుండాలి. రెండు చివరలూ నున్నగా కోసి, నిలబెట్టి, పైనుంచి నొక్కుతాం. ఎంత బరువు దగ్గర పగిలితే అది దాని బలం. పొట్టి ముక్కని నొక్కితే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు. అందుకని చక్కటివి చూసి పంపు, చాలు.

అన్నయ్య నన్నింకా పిడుగనే అంటున్నాడా? నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చాయని చెప్పు.

నీ మరదలు

*

గని, నమూనాల షెడ్డు,
జూన్ 10, సోమవారం

పిడుగుకి,

ఎవరో అజీర్తితో బాధపడే ముసలాయన రాశాడనుకుని ఆ చీటీని రెండు రోజులు తిట్టాను. ఆ తిట్లన్నీ నీకే చేరాయన్నమాట. తిరిగి తీసుకోను, ఉంచుకో.

నా పని ఏమిటో నీకు సరిగ్గా తెలీదు. డ్రిల్లు వాళ్ళు కిందినుంచి పంపిన రాయిని లోతు ప్రకారం డబ్బాల్లో పేర్చాలి. ఎన్నో మీటరు నుంచి ఎన్నో మీటరు దాకా ఏం వచ్చిందో రిజిస్టరులో పెన్సిలుతో రాయాలి. ఇదివరకు వచ్చిందంతా వచ్చినట్టు పంపేదాన్ని. నీ చీటీ తర్వాత హాయిగా ఉంది. మంచి కడ్డీలు ఏరి నీకు పక్కన పెడుతున్నాను, ఫొటోకి నిలబెట్టినట్టు. మేనేజరుగారు చూసి "ఇప్పుడు పని నేర్చుకున్నావమ్మా" అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత.

మీ అన్నయ్యని గని లోపల ఏడో లెవెల్‌కి మేస్త్రిని చేశారు. నలభై మంది ఆయన చేతికింద. అద్దంలో చూసుకుని మీసం కత్తిరించుకుంటున్నారు. ఆ లెవెల్లో ఖనిజం తవ్వేసిన చోట పైకప్పు కూలకుండా వదిలిన రాతి స్తంభాలున్నాయి. వాటిల్లోనూ మంచి ఖనిజమే ఉందట. నీ అంకె బాగా వస్తే ఒక్కో స్తంభాన్నీ రెండు పక్కలా చెక్కి సన్నం చేస్తారట. అందుకే ఇంత హడావిడి.

అక్కడ రాయి చప్పుడు చేస్తోందని ఆయనే ఒకరోజు అన్నారు. మూకుడులో పేలాలు వేగినట్టు టప్ టప్ మంటుందట. ఆ మాటని మాటవరసకి అన్నారు, నేనూ మాటవరసకే రాస్తున్నాను.

నీ వదిన

*

రాళ్ళ పరీక్షశాల,
జూలై 2, మంగళవారం

వదినకి,

పన్నెండు కడ్డీలూ నొక్కేశాం. నేనిక్కడ చేరాక ఇంత గట్టిరాయి చూడలేదు. ఎనిమిదోది పగిలినప్పుడు రక్షణ తలుపు అద్దం బీటలిచ్చింది. పక్కగదిలో టైపు చేసే ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది. రిపోర్టు మీద నేను సంతకం చేశాను, ఆఫీసరు ముద్ర వేశారు. మీ మేనేజరు ఫోను చేసి థాంక్స్ చెప్పాడట.

నువ్వు మాటవరసకి రాసిన మాట మాత్రం నాకు నచ్చలేదు. మెత్తరాయిని నొక్కితే నడుము దగ్గర ఉబ్బుతుంది, జారుతుంది, పొడి రాలుతుంది. పగలడానికి బోలెడంత సేపు తీసుకుంటుంది. బరువు పెరిగేకొద్దీ యంత్రం కాగితం మీద గీసే గీత మెల్లగా వంగడం కనిపిస్తుంది, కాఫీ తెచ్చుకుని కూర్చుని చూడొచ్చు. గట్టిరాయి అలా కాదు. గీత నిటారుగా పైకి పోతూ ఉంటుంది, ఎక్కడా వంగదు. పెట్టిన బరువంతా లోపలే దాచుకుంటుంది. చివర్లో లోపల సన్న సన్న పగుళ్ళు పుట్టి టిక్కు టిక్కుమంటాయి. ఆ తర్వాత ఒక్కసారే దాచుకున్నదంతా బయటికి విసురుతుంది. గీత ఉండదు, కడ్డీ ఉండదు.

అన్నయ్యని అడుగు: చప్పుడు పైకప్పులోంచా, స్తంభాల్లోంచా? పెచ్చులు లేస్తున్నాయా? లేస్తే పలచగా ఉంటున్నాయా?

ఇంకొకటి. నాకు పన్నెండు కడ్డీలు పంపడానికి ఎన్ని మీటర్ల రాయిలోంచి ఏరావు?

నీ మరదలు

*

గని, నమూనాల షెడ్డు,
జూలై 15, సోమవారం

పిడుగుకి,

నీ రిపోర్టు వచ్చిన రోజు మేనేజరుగారు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచారు. మా షెడ్డుకీ ఒక ముక్క వచ్చింది. తమరి చలవ.

నీ ప్రశ్నలు మీ అన్నయ్యకి చదివి వినిపించాను. బూట్లు విప్పుకుంటూ విన్నారు. "దాని ప్రెస్సు జానెడు కడ్డీని నొక్కుతుంది. నా నెత్తిమీద కొండ ఉంది. కొండ అప్పుడప్పుడూ ఒళ్ళు విరుచుకోదా?" అన్నారు. చప్పుడు స్తంభాల్లోంచేనట. పోయిన బుధవారం ఒక పెచ్చు గోడమీంచి దానంతటదే ఎగిరి డ్రిల్లు పట్టుకునే ఆయన చెంప కోసింది. నాలుగు కుట్లు పడ్డాయి. "గడ్డం గీసుకోవడానికి రాయి వాడుతున్నాడు" అని అందరూ ఆయన్ని ఆటపట్టిస్తున్నారు. పెచ్చు ఎంత పలచన అని అడిగితే "అట్టముక్కలా" అన్నారు.

కోత వచ్చే సోమవారం, ఇరవై రెండున మొదలు.

ఎన్ని మీటర్లలోంచి ఏరానో రిజిస్టరు చూసి చెప్పాలి. డబ్బాలు చాలానే వచ్చాయి. తీరిక లేదు.

ఈసారి మరో నాలుగు కడ్డీలు పంపుతున్నాను. దారిలో కుదుపులకి పగలకుండా సందుల్లో రాతి బిళ్ళలు దోపాను. వాటిని పారేయి.

నీ వదిన

*

రాళ్ళ పరీక్షశాల,
జూలై 19, శుక్రవారం

వదినా,

సందుల్లో దోపిన ఆ బిళ్ళలు ఎక్కడివి?

పధ్నాలుగు ఉన్నాయి. నా బల్లమీద ఒకదానిమీద ఒకటి పేర్చాను. అన్నీ ఒకే మందం, నా చిటికెన వేలంత. ఎవరో కావాలని కోసినట్టున్నాయి, కానీ అంచులు కోసినవి కావు. పైభాగం కొంచెం గుంట, కిందిభాగం కొంచెం ఉబ్బు. డ్రిల్లు వాడు వంచి విరిచినవి ఇలా ఉండవు.

ఇది జాగ్రత్తగా చదువు. అంత లోతులో రాయి అన్ని పక్కలనుంచీ నొక్కుడులో ఉంటుంది. డ్రిల్లు చుట్టూ తొలిచి దాన్ని విడిపించగానే పక్కలనుంచి బిగిసి ఉన్న పట్టు ఒక్కసారి వదులుతుంది. రాయి ఆ వదులుని తట్టుకోలేక అడ్డంగా తెగుతుంది. మళ్ళీ కాస్త తొలిస్తే మళ్ళీ తెగుతుంది. అలా బిళ్ళ తర్వాత బిళ్ళ. నొక్కుడు ఎంత ఎక్కువైతే బిళ్ళ అంత పలచన. అంటే ఇవి చెత్తముక్కలు కావు. ఆ చోట రాయి దాని శక్తి చివరంచున ఉందని చెప్పే సాక్ష్యం ఇవే. నువ్వు పంపిన నిండు కడ్డీలు నొక్కుడు తక్కువగా ఉన్న చోట్లవి. నేను వాటిని పగలగొట్టి రాయి బ్రహ్మాండం అని సంతకం చేశాను.

ఎర్ర చీటీ వేసిన డబ్బాలోనూ ఇవే ఉండి ఉంటాయి. మూత తీశాను, ముక్కలని చూశాను, మూత వేశాను. ఒక్కటి కూడా చేతిలోకి తీసుకోలేదు. పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఇది.

కోత మొదలుపెట్టొద్దని అన్నయ్యకి చెప్పు. స్తంభాన్ని చెక్కితే మోసే రాయి తగ్గుతుంది, పైబరువు తగ్గదు. పక్కలనుంచి ఆసరా కూడా పోతుంది. ఈ బిళ్ళలు ఏ లోతువో, ఎన్ని వచ్చాయో, ఇప్పుడు ఎక్కడున్నాయో రాయి. దాచకు.

మరదలు

*

గని, నమూనాల షెడ్డు,
జూలై 22, సోమవారం

పిడుగుకి,

దాచను.

నీ పన్నెండు కడ్డీలూ అరవై మూడు మీటర్లలో ఏరినవి. ఏడో లెవెల్‌కి చెందిన ఇరవై మీటర్లలో నిండు కడ్డీ ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అంతా బిళ్ళలే. డబ్బా తెరిస్తే నాణేలు పేర్చినట్టు ఉండేవి. నీకు పంపినవన్నీ దాని పైవీ కిందవీ. ఆ సంగతి నీకు రాయలేదు, ఎందుకంటే కడ్డీలు తక్కువయ్యాయని తెలిస్తే మళ్ళీ డ్రిల్లు వేయించాలి, మేనేజరుగారు నన్ను సాధిస్తారు. నువ్వు ఎన్ని మీటర్లని అడిగినప్పుడు రిజిస్టరు నా ముందే తెరిచి ఉంది.

బిళ్ళలు ఎక్కడున్నాయంటావా? వానలకి షెడ్డు నుంచి బోను దాకా దారి బురదయింది. అందులో పోయించాను. మనుషుల్ని కిందికి దింపే ఆ బోను ఎక్కడానికి నలభై మందీ రోజూ వాటిమీదే నడుస్తున్నారు. "వదినగారు మాకు రోడ్డు వేసింది" అని మెచ్చుకున్నారు కూడా.

శుక్రవారం రాత్రే మీ అన్నయ్యకి నీ ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివారు. తర్వాత మా ఇద్దరికీ పెద్ద గొడవైంది.

"రాయి మాట్లాడుతోందని నాకు అది చెప్పాలా? పదిహేనేళ్ళుగా వింటున్నా."

"వింటే మరి ఎందుకు దిగుతున్నారు?"

"దిగకపోతే ఏమని చెప్పను? మా ఆవిడ రాళ్ళు పారబోసింది, మా చెల్లెలు మూత వేసేసింది, అందుకని నలభై మందిని ఇంటికి పంపండి అనా? ముందు నీ పని పోతుంది, తర్వాత దాని పని పోతుంది. మేస్త్రినై రెండు నెలలు కాలేదు, నన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనీండి."

"మీ వదినామరదళ్ళ ఉత్తరాలు బోనులో కిందికి దిగవు. రిపోర్టు మీద ముద్ర ఉంది. అది తప్పయితే ముద్ర వేసిన ఇంకో కాగితం తెమ్మను. అప్పుడు చూద్దాం."

అన్నం కంచం పక్కకి తోసి లేచిపోయారు. ఇవాళ పొద్దున్న కోత మొదలుపెట్టారు. మొదటి దెబ్బ తనే వేశారట.

ముద్ర ఉన్న కాగితం పంపు. త్వరగా.

వదిన

*

రాళ్ళ పరీక్షశాల,
జూలై 26, శుక్రవారం

వదినా,

బిళ్ళలు ఒక గుడ్డలో మూటగట్టి ఆఫీసరు బల్లమీద పెట్టాను.

"వీటి బలం ఎంత?" అన్నారు.

"వీటిని నొక్కలేం సార్, పొట్టివి."

"అంటే అంకె లేదు."

"అవి పలచగా ఉండటమే లెక్క సార్."

"అంకె లేని దానికి ముద్ర ఎలా వేయను? పైగా మనం మనకొచ్చిన కడ్డీలకే జవాబుదారీ. ఏరడం వాళ్ళ పని. రిపోర్టులో తప్పేముంది, చూపించు."

రిపోర్టులో తప్పు లేదు. ప్రతి అంకే నిజం.

మీ మేనేజరుకి ఫోను చేశాను. ఆయన ఎంతో మర్యాదగా విని, "చప్పుళ్ళు మాకు అలవాటేనమ్మా, మీరు కంగారుపడకండి" అన్నాడు. వెనక ఎవరో నవ్వడం వినపడింది.

ముద్ర లేదు. ఈ ఉత్తరంతో నా చేత్తో రాసిన కాగితం పెడుతున్నాను. "పన్నెండు కడ్డీలూ అరవై మూడు మీటర్లలో ఏరినవని పరీక్ష చేసేనాటికి నాకు తెలియదు. ఏడో లెవెల్ రాయి ఈ పరీక్షకి రాలేదు. ఈ రిపోర్టు మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను." ఇంతే. ఇదే మాట గనుల తనిఖీ అధికారికి కూడా పోస్టులో వేశాను. ఆఫీసరుకి చెప్పే వేశాను.

అన్నయ్య నా మాట నమ్మక్కర్లేదు. పైకప్పులో ఒక మేకు, సరిగ్గా దాని కింద నేలలో ఒక మేకు కొట్టి, మధ్య దూరం రోజూ ఒక కర్రతో కొలవమను. పైకప్పు దిగి కర్ర పట్టకుండా పోయిన రోజున ఎవరి సంతకమూ అక్కర్లేదు.

మరదలు

*

గని, ఇల్లు,
జూలై 30, మంగళవారం

పిడుగుకి,

ఇంటినుంచి రాస్తున్నాను. షెడ్డు తాళం నా దగ్గర లేదు.

శనివారం నీ కాగితం మేనేజరుగారికి ఇచ్చాను. చదివి పేపర్‌వెయిట్ కింద పెట్టారు. "ముద్రేదమ్మా?" అన్నారు. మీ అన్నయ్యా ఆయనా ఒకే స్కూల్లో చదువుకున్నట్టున్నారు.

ఆదివారమంతా ఆలోచించాను. నా దగ్గర ముద్ర లేదు కానీ రిజిస్టరు ఉంది. ప్రతి మీటరుకీ ఏం వచ్చిందో అందులో నా రాతలోనే ఉంది, పారబోశానన్న సంగతితో సహా. నిన్న పొద్దున్న హాజరు వేళకి దాన్ని చంకలో పెట్టుకుని బోను దగ్గరికి వెళ్ళాను. అందరూ అక్కడే ఉన్నారు. మీ అన్నయ్య పేర్లు పిలుస్తున్నారు. అవి అయ్యేదాకా ఆగి, రిజిస్టరు తెరిచి చదవడం మొదలుపెట్టాను.

"వదినగారు మనకి పాఠం చెప్తుందిరోయ్" అని ఒకాయన అన్నాడు. నవ్వారు. చదువుతూనే ఉన్నాను. మూడు వందల పది నుంచి మూడు వందల పన్నెండు, బిళ్ళలు, పారబోశాను. పన్నెండు నుంచి పధ్నాలుగు, బిళ్ళలు, పారబోశాను. నాలుగో వరస దగ్గర నవ్వు ఆగిపోయింది. తమ లెవెల్ లోతు ఎంతో వాళ్ళకి తెలుసు. "ఎక్కడ పారబోశావమ్మా?" అని చెంపకి కుట్లు పడ్డ ఆయన అడిగాడు. "మీ కాళ్ళకింద" అన్నాను. ఆయన వంగి బురదలోంచి ఒకటి తీసి, చొక్కాకి తుడిచి, వేళ్ళతో మందం చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. పక్కవాడు ఇంకొకడికి. పారబోసింది నేనేనని, ఎందుకు పారబోశానో కూడా చెప్పాను. నీ చీటీ సంగతీ చెప్పాను, ఏమనుకోకు.

ఎవరూ బోను ఎక్కలేదు.

మీ అన్నయ్య నా వైపు చూడలేదు. "నా డ్రిల్లు యంత్రం కింద ఉంది, తెచ్చుకుంటా" అని ఒక్కరే దిగారు. నేను అక్కడే నిలబడ్డాను. రెండు గంటల పది నిమిషాలు. పైకి వచ్చేటప్పుడు చేతిలో యంత్రం లేదు. ఏం చూశారని అందరూ అడిగారు. "ఏం లేదు" అన్నారు. ఇంట్లోనూ అదే మాట. అన్నం తిన్నారు, కానీ ఏం తిన్నారో ఆయనకి తెలీదు. ఇవాళ పొద్దున్న మళ్ళీ ఒక్కరే దిగి వచ్చారు.

మేనేజరుగారు నన్ను పనిలోంచి ఆపేశారు. శనివారం లోపు పాతవాళ్ళు దిగకపోతే వేరే గని నుంచి మనుషుల్ని తెస్తామన్నారు. మీ అన్నయ్య మేస్త్రిగా ఉండాలంటే వాళ్ళని ఆయనే దింపాలి.

దారిన పోయేవాళ్ళు "ఇంకా కూలలేదే?" అని నన్ను అడుగుతున్నారు. కూలాలని కోరుకోవాలో వద్దో నాకు తెలీడం లేదు.

వదిన

*

రాళ్ళ పరీక్షశాల,
జూలై 30, సాయంత్రం

వదినా,

డ్రైవరు వ్యాను ఆన్‌లో పెట్టుకుని నిలబడ్డాడు. నాలుగు ముక్కలే.

చీటీ సంగతి చెప్పి మంచిపని చేశావు. నన్ను ప్రెస్సు మీంచి తీసేసి సిమెంటు దిమ్మల గదిలో వేశారు. తనిఖీ అధికారి మనిషి ఫోను చేశాడు. వచ్చే మంగళవారం వస్తారట. శనివారానికి ముందు రమ్మని బతిమాలాను. కుదరదన్నాడు.

అన్నయ్య యంత్రం తెచ్చుకోలేకపోయాడంటే డ్రిల్లు ఇనుప కడ్డీ రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా నొక్కుకుపోతే అలా ఇరుక్కుంటుంది. అదేనా అని అడుగు. అతను జవాబు చెప్పకపోతే అదే జవాబు.

శనివారం ఎవరినీ దిగనివ్వొద్దు. అతన్ని కూడా.

మరదలు

*

గని, ఇల్లు,
ఆగస్టు 4, ఆదివారం

చెల్లాయికి,

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. మీ వదినని రాయమంటే, "మీరు చూసింది మీరే రాయండి" అని పెన్ను చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నిన్న పొద్దున్న తొమ్మిది మంది కొత్తవాళ్ళు వచ్చారు. మంచి పనివాళ్ళే, చేతులు చూస్తే తెలుస్తుంది. వాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఇక్కడివాళ్ళు బద్ధకస్తులు, అందుకే పిలిచాం అని మాత్రం చెప్పారట. మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "దింపుతావా, మేస్త్రి పని వదులుతావా?" అన్నాడు. సరేనన్నాను. వాళ్ళని బోనులోకి ఎక్కించాను కూడా.

ఆఖరున నేను ఎక్కాలి. తలుపు పట్టుకున్నాను. వాళ్ళలో ఒకడు, ఇరవై ఐదేళ్ళుంటాయేమో, "మేస్త్రిగారూ, అక్కడ రాయి ఎలా ఉంటుంది?" అని అడిగాడు. కొత్తచోటికి వెళ్ళే ఎవడైనా అడిగే మాటే అది.

బోను తలుపు మూసుకుంటే తప్ప అది కదలదు. నేను ఆ గడప మీద కూర్చున్నాను.

మేనేజరు అరిచాడు. లేవలేదు. ఇద్దరు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. లేవకపోతే వదిలేశారు. కొత్తవాళ్ళు విసుక్కుని నన్ను దాటుకుని బయటికి దిగారు. "ఈయనకేమైంది, తాగొచ్చాడా?" అన్నారు. అప్పుడు చెప్పాను. సోమవారం నేను ఒక్కణ్ణే దిగినప్పుడు నువ్వు అనుకున్నట్టే డ్రిల్లు కడ్డీ రంధ్రంలో బిగుసుకుని ఉంది. సుత్తితో కొట్టినా రాలేదు. నేను చెక్కిన స్తంభం మూలలు రెండూ రాలిపోయాయి. నడుము దగ్గర నిలువునా నా అరచెయ్యి దూరేంత పగులు ఉంది. ముందు వారం అది లేదు. మేకులు కొట్టాను, నువ్వు చెప్పినట్టే. మంగళవారానికి కర్ర రెండు వేళ్ళు ఎక్కువైంది. శుక్రవారానికి నాలుగు.

ఇదంతా అందరి ముందూ చెప్పాను. మేనేజరు, "ముందెందుకు చెప్పలేదు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన దగ్గర నీ కాగితం ఉంది, అది వేరే సంగతి. వేరే మేస్త్రిని పిలిపిస్తానని ఆఫీసులోకి వెళ్ళాడు. నేను లేవలేదు. మా పాతవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చున్నారు. మీ వదిన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

పదకొండూ నలభైకి ఏడో లెవెల్ పోయింది. నువ్వు చప్పుడు గురించి ఎన్నోసార్లు రాశావు. నాకు చప్పుడు వినపడలేదు. కూర్చున్న ఇనుము నా కింద ఒకసారి దిగి లేచింది. పైన తాడు వణికింది. తర్వాత గాలి వచ్చింది, బోను కిందనుంచి, దుమ్ముతో. అందరం తెల్లగా అయిపోయాం. ఆ తర్వాత ఇంకా రెండుసార్లు భూమి కదిలింది. ఒక స్తంభం పోతే దాని బరువు పక్కదానిమీద పడుతుంది, అది కూడా పోతుంది. నీకు తెలిసే ఉంటుంది.

కింద ఎవరూ లేరు. నేను రెండుసార్లు పేర్లు పిలిచాను. కొత్తవాళ్ళ పేర్లు నాకు తెలియవు కాబట్టి వాళ్ళని లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను.

మంగళవారం తనిఖీ అధికారి వస్తాడు. నువ్వు వస్తానని మీ వదినకి కబురు పంపావట. రా. నీ సంగతి నువ్వు చెప్పు, తన సంగతి తను చెప్తుంది. నేను ఇప్పుడు రాసిందే చెప్తాను. ఇంకొక మాట కూడా చెప్తాను. అది మీ వదినకి తెలియదు.

దుమ్ము తగ్గాక ఆ ఇరవై ఐదేళ్ళవాడు నా దగ్గరికి వచ్చాడు. కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. థాంక్స్ చెప్తాడనుకుని లేచి నిలబడ్డాను.

"పగులు ఏ రోజు చూశానన్నారు?" అని అడిగాడు.

"సోమవారం" అన్నాను.

"ఇవాళ శనివారం కదా."

"అవును."

వాడు హెల్మెట్ తీసి నా చేతికిచ్చి, గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మీ అన్నయ్య